హిమరంగమున ఒక వనిత: కరోలినా కోస్ట్‌నర్
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమనగా 25 సంవత్సరముల లెక్కను సరిచూచుకొను దినము. ఒక గ్రంథాలయము 25 ఏండ్లు నిలుచుటలో గొప్పయేమి యని ఎవరైన అడిగినచో, తలుపు ప్రతిదినము తెరచుటయే గొప్ప యని చెప్పవలెను. జనము నిండుగా వచ్చు దినమున తలుపు తెరచుట సులభము. ఒక్కరును రాని వానకాలపు సాయంకాలమున కూడ తెరచి, దీపము పెట్టి, పుస్తకములు సర్ది కూర్చుండుట కష్టము. ఆ కష్టమునకే నిలుకడ యని పేరు.

ఈ దినమున సభ్యులకు వినిపింపబడు చరిత్ర అట్టి నిలుకడను గూర్చినది. ఇందలి నాయిక మన దేశపుది కాదు. మన భాషది కాదు. ఆమె నిలిచిన రంగస్థలము మన యెండలలో ఒక్క గడియయైనను నిలువజాలదు. ఏలననగా అది గడ్డకట్టిన నీరు. ఆమె పేరు కరోలినా కోస్ట్‌నర్. ఇటలీ దేశపు యువతి. తనకు 25 ఏండ్లు నిండిన సంవత్సరముననే ఆమె తన విద్యలో లోకమందెల్ల ప్రథమురాలయ్యెను. కాని ఆ విజయమును మాత్రమే చెప్పి విరమించినచో అది కథలో సగము కూడ కాదు. గెలుపునకు ముందు ఆమె పడిన పాటులు, గెలుపు తరువాత చేసిన ఒక పొరపాటు, దానికి చెల్లించిన మూల్యము, మరల లేచి నిలిచిన తీరు, ఇవన్నియు కలిపి చదువుకొనదగినవి.

ముందుగా ఆమె పుట్టిన సీమను గూర్చి రెండు మాటలు. ఇటలీకి ఉత్తరపు కొసను, ఆస్ట్రియా సరిహద్దున, డోలమైట్ అను పర్వతములు కలవు. ఆ పర్వతముల నడుమ వాల్ గార్దేనా అను లోయ యున్నది. ఆ లోయలో ఓర్తిసేయి అను చిన్న ఊరు. జనసంఖ్య 5,000కు లోపు. సముద్రమట్టమునకు సుమారు 1,200 మీటర్ల ఎత్తు. మొదటి ప్రపంచ యుద్ధము ముగియువరకు ఆ సీమ ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. యుద్ధానంతరము జరిగిన సంధి వలన ఇటలీకి చేరెను. అందుచేత అచ్చట జర్మన్ భాషయు, ఇటాలియన్ భాషయు రెండును చెల్లును. ఆ రెండును గాక, లాటిను నుండి పుట్టిన లదీన్ అను మూడవ భాష ఆ లోయవారి ఇంటి భాష. దానిని పలుకువారు కొలదిమందియే. అయినను బడులలో దానిని చెప్పుచున్నారు, పుస్తకములు అచ్చువేయుచున్నారు. చిన్న భాష యని దానిని వారు విడువలేదు. ఆ లోయవారి పూర్వపు వృత్తి కొయ్యబొమ్మలు చెక్కుట. మన కొండపల్లివారి వలె వారును తరతరములుగా ఆ పనిలో పేరుపొందినవారు. చలికాలమంతయు మంచు కప్పియుండగా ఇంట కూర్చుండి, ఒక ముఖమును, ఒక చేతిని, ఒక మడతను ఓర్పుతో చెక్కుట వారికి కులవిద్య వంటిది. ఆ ఓర్పు ఆ నేలలోనే యున్నదేమో యని ఈమె చరిత్ర చదివినవారికి తోచకమానదు.

కరోలినా 1987వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన బోల్ట్సానో నగరమున జన్మించెను. పెరిగినది ఓర్తిసేయి గ్రామమున. తండ్రి ఎర్విన్ కోస్ట్‌నర్ మంచుపై ఆడు హాకీ ఆటలో ఇటలీ జట్టువాడు. 1984లో సారాయెవో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆడినవాడు. తల్లి తన యౌవనమున స్కేటింగు నేర్చినది. సమీప బంధువు ఇసోల్డె కోస్ట్‌నర్ కొండచరియల మీద మంచుపై దిగజారు స్కీ పందెములలో ఒలింపిక్ పతకములు గెలిచిన వనిత. మన ఊళ్లలో చెరువు గట్టున పుట్టిన పిల్లలకు ఈత ఎవరు నేర్పిరో జ్ఞాపకముండదు. ఆ యింట పుట్టిన పిల్లకు మంచు అట్టిది.

ఇక ఆ విద్యను గూర్చి. దానికి ఫిగర్ స్కేటింగ్ అని పేరు. ఫిగర్ అనగా ఆకృతి. పూర్వము ఈ విద్యలో ముఖ్యమైన పరీక్ష ఏమనగా, కాలి జోళ్ల క్రింది ఉక్కు అంచుతో మంచుపై వలయములను నిర్దుష్టముగ గీయుట. మన ఆడువారు వాకిట చుక్కల నడుమ మెలికల ముగ్గు వేయునప్పుడు గీత ఎచ్చట ఆరంభమైనదో అచ్చటికే వచ్చి కలియవలెను గదా! అట్లే వీరును ఒంటికాలిపై జారుచు, గీసిన గీత మీదనే మరల గీత పడునట్లు గీయవలెను. న్యాయనిర్ణేతలు వంగి ఆ గీతలను పరీక్షించెడివారు. 1990 తరువాత అంతర్జాతీయ పోటీలలో ఆ పరీక్షను తొలగించిరి. పేరు మాత్రము నిలిచినది.

ఆ జోళ్ల అడుగున బిగించిన ఉక్కు పట్టీ మందము సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగుభాగము చదునుగా నుండదు. నిలువునను సన్నని కాలువవలె గుంట తీసియుండును. అందుచేత లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండంచులు ఏర్పడును. ముందుకొనయందు రంపపు పండ్లవంటి పండ్లు కొన్ని యుండును. ఈ రెండంచులలో దేనిమీద నిలిచి యున్నారను దానిని బట్టియే ఈ విద్యలోని సర్వమును నడచును. గాలిలోనికి ఎగిరి తిరుగు గంతులు ఆరు విధములు. వానిలో మూడింటికి వానిని మొదట చేసిన వారి పేర్లే నిలిచినవి: నార్వే దేశస్థుడు ఆక్సెల్ పాల్సెన్, స్వీడన్ దేశస్థుడు ఉల్రిక్ సాల్కో, ఆస్ట్రియా దేశస్థుడు అలోయిస్ లుట్జ్. ఏ గంతైనను వెనుకకు జారుచు ఒంటికాలి మీదనే దిగవలెను. గాలిలో మూడు మారులు తిరుగు గంతునకు ఒక సెకను కాలము కూడ పట్టదు. ఆ సెకను కొరకు పది పన్నెండేండ్ల అభ్యాసము.

ఇది ఒట్టి వ్యాయామము కాదు; సంగీతమునకు అనుగుణముగ సాగు నాట్యము కూడ. భరతముని నాట్యశాస్త్రమున 108 కరణములను చెప్పినాడు. చుట్టి తిరుగు గతులకు మనవారు భ్రమరి యని పేరు పెట్టిరి. హస్తము ఎచ్చటనో దృష్టి అచ్చట, దృష్టి ఎచ్చటనో మనస్సు అచ్చట నుండవలెనని నాట్యవిద్య నేర్పువారి మాట. ఆ ధర్మము మంచుపై కూడ మారదు. భేదము ఒక్కటియే: నేల మీద నర్తించువారు అడుగు తప్పినచో సర్దుకొనవచ్చును, మంచు మీద అడుగు తప్పినచో వేలమంది యెదుట నడుము విరిగినట్లు పడవలసినదే.

ఈ పోటీలలో లెక్క ఎట్లు కట్టుదురో కూడ తెలిసికొనుట మంచిది. 2002 ఒలింపిక్ క్రీడలలో న్యాయనిర్ణేతల పక్షపాతమును గూర్చి పెద్ద అల్లరి జరుగగా, 2004 నుండి క్రొత్త పద్ధతి పెట్టిరి. ఒక్కొక్క గంతునకు, ఒక్కొక్క భ్రమణమునకు ముందుగనే నిర్ణయింపబడిన విలువ యుండును. దానిని చేసిన తీరును బట్టి తొమ్మండుగురు న్యాయనిర్ణేతలు విలువ పెంచుటయో తగ్గించుటయో చేయుదురు. వారి అంకెలలో మిక్కిలి హెచ్చు అంకెను, మిక్కిలి తక్కువ అంకెను కొట్టివేసి, మిగిలినవాని సరాసరి తీయుదురు. పడినచో ఒక అంకె తగ్గింపు. జారు నేర్పునకు, నాట్యరచనకు, సంగీతమును భావించిన తీరునకు వేరుగ అంకెలు. మొదటి దినము చిన్న ప్రదర్శనము, తరువాత సుమారు నాలుగు నిమిషముల పెద్ద ప్రదర్శనము. రెండును కూడగా వచ్చిన మొత్తమే ఫలితము.

కరోలినాకు 14 ఏండ్ల ప్రాయమున, 2001లో, ఇల్లు విడువవలసి వచ్చెను. సరిహద్దు దాటి, జర్మనీ దేశమున ఓబర్స్ట్‌డోర్ఫ్ అను పర్వతపు ఊరికి చేరి, మిహాయెల్ హూట్ అను గురువు కడ శిష్యత్వము వహించెను. పూర్వము మన పిల్లలు వేదము కొరకో సంగీతము కొరకో దూరపు ఊరిలో గురువు ఇంట చేరెడివారు. తల్లి చేతి అన్నము వదలి విద్య కొరకు పోవుట ఎట్టిదో ఆ పెద్దలకు తెలియును. రెండేండ్లు గడవకమున్నే ఫలితము కనబడెను. 2003లో చెక్ దేశమున ఓస్ట్రావా నగరమందు జరిగిన బాలల ప్రపంచ పోటీలలో ఆమె కాంస్య పతకము గెలిచెను. ఈ ఓస్ట్రావా పేరును సభ్యులు జ్ఞాపకముంచుకొందురు గాక. కథ మరల అచ్చటికి వచ్చును.

2005లో మాస్కో నగరమున పెద్దల ప్రపంచ పోటీలలో ఆమెకు కాంస్యము లభించెను. 1978లో సుసన్నా ద్రియానో గెలిచిన పిమ్మట 27 ఏండ్లకు ఒక ఇటలీ వనితకు ఆ గౌరవము దక్కినది. ఆ దేశమువారి సంతోషమునకు మేరలేకపోయెను. మరుసటి సంవత్సరమే, 2006లో, ఒలింపిక్ క్రీడలు వారి దేశముననే, తురీను నగరమున జరిగినవి. 19 ఏండ్లు నిండి రెండు దినములు మాత్రమే యైన ఆ బాలికచేతికి జాతీయ పతాకము నిచ్చి, దేశపు క్రీడాకారు లందరికి ముందు నడిపించిరి. ఎంతటి గౌరవము! దానితో పాటు ఎంతటి బరువు! పోటీలో ఆమె తొట్రుపడి తొమ్మిదవ స్థానమున నిలిచెను. లేత చెట్టునకు పండ్లు విరుగగాచినప్పుడు కొమ్మ వంగుట సహజము.

ఆ తరువాత నాలుగేండ్లు ఆమె జీవితము ఏతాము వలె పైకి క్రిందికి నడచినది. 2007లో వార్సా నగరమున ఐరోపా ఖండపు విజేత యయ్యెను; స్త్రీల వ్యక్తిగత పోటీలో ఇటలీకి అదే మొదటి ఐరోపా విజయము. 2008లో మరల ఐరోపా విజయము; ఆ యేడే ప్రపంచ పోటీలలో జపాను దేశపు మావో అసాదా తరువాత రజతము. 2009లో లాస్ ఏంజెలిస్ నగరమందలి ప్రపంచ పోటీలలో ఒక్కసారిగా 12వ స్థానమునకు జారెను. గురువును మార్చి, అమెరికాకు పోయి, ఫ్రాంక్ కారల్ కడ అభ్యసించెను. 2010 జనవరిలో ఐరోపా విజయము మూడవ మారు లభించెను. ఇంక భయము లేదని అందరును తలచునంతలో, ఆ ఫిబ్రవరిలోనే వాంకూవర్ ఒలింపిక్ క్రీడలలో పెద్ద ప్రదర్శనమున ఆమె మరల మరల పడెను. లేచెను, తిరిగి పడెను. సంగీతము మాత్రము ఆగదు గదా! నాలుగు నిమిషములు లోకమంతయు చూచుచుండగా ఆ బాధను చివరివరకు అనుభవించి, నమస్కరించి వెడలిపోయెను. స్థానము 16.

ఇట్టి సందర్భమున పలువురు విద్యను విడిచెదరు. విడిచినను ఎవరును తప్పుపట్టరు. ఆమె మాత్రము తిరిగి ఓబర్స్ట్‌డోర్ఫునకు, పాత గురువు కడకే పోయెను. మోకాలి గాయము వలన కఠినమైన కొన్ని గంతులను కొంతకాలము విడువవలసి వచ్చెను. ఇచ్చటనే ఆమె జీవితమున అసలైన మలుపు కలదు. గంతులు తగ్గినప్పుడు మిగిలినదేమి? జారుట. అంచు మీద నిలుచుట. సంగీతమును వినుట. కెనడా దేశపు నాట్యరచయిత్రి లోరీ నికోల్ కూర్చిన రచనలలో ఆమె అడుగు ఎచ్చట తెగునో, ఎచ్చట కలియునో చూచువారికి తెలియకుండ పోయెను. లోపము కలిగినప్పుడు దానిని చూచి విలపింపక, ఉన్నదానిని సానపట్టుట వివేకము. కవిత్వమున కూడ పదాడంబరము తగ్గిన కవికి భావము చిక్కనగుట కలదు.

ఫలితములు ఇట్లున్నవి. 2011లో ప్రపంచ పోటీలలో కాంస్యము. అదే సంవత్సరము చివర గ్రాండ్ ప్రీ అను పోటీల తుది ఘట్టమున విజయము. 2012 జనవరిలో షెఫీల్డ్ నగరమున నాలుగవ ఐరోపా విజయము. మార్చిలో ఫ్రాన్సు దేశపు నీస్ నగరమున ప్రపంచ పోటీలు. చిన్న ప్రదర్శనము ముగియునప్పటికి ఆమె మూడవ స్థానమున నుండెను. పెద్ద ప్రదర్శనమునకు మోజార్ట్ రచించిన పియానో సంగీతమును గైకొని, నిదానముగ, తొందరలేక, చెదరక నర్తించెను. మొత్తము 189.94 అంకెలతో ప్రపంచ విజేత యయ్యెను. ఈ పోటీలో ఇటలీ స్త్రీ ఒకతె ప్రపంచ విజేత యగుట అదియే ప్రథమము. అప్పటికి ఆమెకు 25 ఏండ్లు. 17, 18 ఏండ్ల బాలికలు రాజ్యమేలు విద్యలో 25 అనగా ముదిమి క్రింద లెక్క.

కథ ఇచ్చటనే ముగిసినచో శుభముగ నుండెడిది. కాని జీవితము కథలు చెప్పువారి సౌకర్యమును చూడదు.

ఆమెకు ప్రియుడొకడు ఉండెను. పేరు ఆలెక్స్ ష్వాట్సర్. ఆమె సీమవాడే. నడక పందెములలో మేటి. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో 50 కిలోమీటర్ల నడకయందు స్వర్ణము గెలిచినవాడు. 2012 జూలై 30వ తేదీన, లండన్ ఒలింపిక్ క్రీడల కాలమున, నిషిద్ధ ఔషధముల పరీక్షాధికారి అతనిని వెదకుచు ఓబర్స్ట్‌డోర్ఫులో ఆమె నివాసమునకు వచ్చెను. అతడు లోపలనే యున్నాడు. అతని కోరిక మేరకు ఆమె వాకిట నిలిచి, అతడు ఇచ్చట లేడని చెప్పెను. ఆ దినమే తీసిన నమూనాలో దోషము బయటపడెను. రక్తమున బలము పెంచు నిషిద్ధ ఔషధమును వాడితినని అతడు ఒప్పుకొనెను. లండన్ పోటీకి అతనిని పోనీయలేదు.

ఆమె ఎట్టి ఔషధమును ముట్టలేదు. ఆమెపై అట్టి ఆరోపణ కూడ లేదు. అతడు ఔషధము వాడుచున్నట్లు తనకు తెలియదని ఆమె చెప్పుచు వచ్చెను. కాని వాకిట చెప్పిన మాట చెప్పినదే.

సభ్యులారా, ఈ ఘట్టమున కొంచెము నిలిచి ఆలోచింపవలెను. అప్పులవాడు వాకిట పిలిచినప్పుడు, శిస్తు వసూలుకు బంట్రోతు వచ్చినప్పుడు, కోర్టు అమీను కాగితము తెచ్చినప్పుడు, తలుపు చాటున నిలిచి, ఇంటలేరని చెప్పుమని భార్యకో బిడ్డకో ఆజ్ఞాపించు యజమానులు ఏ ఊరలేరు? చెప్పినవారికి అందులో లాభమేమి? ఏమియు లేదు. ప్రేమ చేతనో భయము చేతనో చెప్పుదురు. అది చిన్న మాట. కాని చిన్న మాటలకును లెక్క కలదు. మహాభారతమున ద్రోణుని ఎదుట ధర్మరాజు ఒక్క మాటను సగము మింగి పలికినాడు. అంతవరకు నేలకు నాలుగంగుళముల మీద నడచుచుండిన అతని రథము ఆ మాటతో భూమిని తాకినదని వ్యాసుడు చెప్పినాడు. లోకములోని ఇతర రథములన్నియు నేల మీదనే నడచుచుండెను. వానిని గూర్చి ఎవరును పలుకలేదు. పైన నడచినవాని రథము దిగినప్పుడే లోకము చూచును. మంచు మీద తేలునట్లు నర్తించిన ఈ వనిత విషయమునను అట్లే జరిగినది.

విచారణ నెమ్మదిగా నడచెను. ఈలోగా ఆమె విద్యను విడువలేదు. 2013లో ఐదవ ఐరోపా విజయమును, ప్రపంచ పోటీలలో కొరియా దేశపు యునా కిమ్ తరువాత రజతమును పొందెను. 2014 ఫిబ్రవరిలో రష్యా దేశపు సోచీ నగరమున ఒలింపిక్ క్రీడలు. ఇది ఆమెకు మూడవ ఒలింపిక్. మొదటిదానిలో 9, రెండవదానిలో 16. మొదటి దినమున షూబర్ట్ రచించిన ప్రార్థనా గీతమునకు, రెండవ దినమున రావెల్ రచించిన బొలేరో అను సంగీతమునకు ఆమె నర్తించెను. బొలేరో సంగీతము విచిత్రమైనది. ఒకే వరుస, ఒకే తాళము, మొదట గుసగుసగా మొదలై, మరల మరల వచ్చుచు, క్రమముగ పెరిగి పెరిగి ఉప్పెనయగును. నాలుగేండ్ల క్రిందట అవమానము పొందిన స్త్రీకి అంతకంటె తగిన సంగీతము దొరకదు. ఒక్క పాటును లేక ఆమె దానిని ముగించెను. మొత్తము 216.73 అంకెలు. రష్యా బాలిక అదెలీనా సోత్నికోవాకు స్వర్ణము, యునా కిమ్‌కు రజతము, కరోలినాకు కాంస్యము. స్త్రీల వ్యక్తిగత పోటీలో ఇటలీకి అది తొలి ఒలింపిక్ పతకము. స్వర్ణ రజతములను గూర్చి లోకమున పెద్ద వాదములు నడచినవి. ఆ కాంస్యమును గూర్చి మాత్రము ఎవరును వాదింపలేదు.

మరుసటి సంవత్సరము, 2015 జనవరిలో, ఇటలీ ఒలింపిక్ సంఘపు న్యాయమండలి తీర్పు వెలువడెను. నాలుగేండ్ల మూడు నెలలు నిషేధింపవలెనని వాది పక్షము కోరగా, మండలి 16 నెలల నిషేధము విధించెను. పైమెట్టు విచారణలో, క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానము కడ, ఉభయుల ఒడంబడికతో అది 21 నెలలుగా నిర్ణయమై, వెనుకటి తేదీ నుండి లెక్కింపబడి, 2015 డిసెంబరు 31వ తేదీతో ముగిసెను. స్వయముగ ఏ దోషమును సేవింపని వనిత, ఇంకొకని కొరకు చెప్పిన ఒక మాటకు, 21 నెలలు చెల్లించినది. శిక్ష హెచ్చా తక్కువా యని తర్కించువారు ఇరువైపులను కలరు. చెల్లింపవలసినది ఆమె చెల్లించిన దను మాట మాత్రము నిర్వివాదము.

నిషేధము ముగియునప్పటికి ఆమెకు 29 ఏండ్లు నిండబోవుచున్నవి. పతకములు కలవు, కీర్తి కలదు, కొంత అపకీర్తియు కలదు. ఇంట కూర్చున్నచో అడుగువారు లేరు. అట్టి సమయమున ఆమె రష్యాకు పోయి, అలెక్సేయ్ మీషిన్ అను వృద్ధ గురువు కడ క్రొత్త శిష్యురాలి వలె చేరెను. 2016 డిసెంబరులో క్రొయేషియా దేశపు జాగ్రెబ్ నగరమున ఒక పోటీలో తిరిగి ప్రవేశించి గెలిచెను. 2017 జనవరిలో ఐరోపా పోటీలలో కాంస్యము పొందెను. ఆ పోటీలు జరిగినది ఓస్ట్రావా నగరముననే. 16 ఏండ్ల బాలికగా కాంస్యము గైకొన్న ఊరిలోనే, 30వ యేడు నిండుటకు కొలది దినములు ముందు, మరల కాంస్యమును గైకొనెను. రెండు పతకముల లోహము ఒకటియే. వానిని అందుకొన్న చేతులు ఒకటి కావు. నడుమ 14 ఏండ్ల సుఖదుఃఖములు కలవు.

2018లో కొరియా దేశమున నాలుగవ ఒలింపిక్. ఆ పోటీలో స్వర్ణము గెలిచిన అలీనా జాగితోవాకు 15 ఏండ్లు, కరోలినాకు 31. వయస్సున రెట్టింపునకు మించిన ఆమె ఐదవ స్థానమున నిలిచెను. ఆ మార్చిలోనే ప్రపంచ పోటీలు ఆమె స్వదేశమున, మిలాను నగరమందు జరిగినవి. చిన్న ప్రదర్శనమున 80.27 అంకెలతో ఆమెయే అందరికి ముందుండెను. ఒలింపిక్ విజేత కూడ ఆమె వెనుకనే. దేశమంతయు ఆశతో చూచుచుండగా, పెద్ద ప్రదర్శనమున కొన్ని గంతులు తప్పినవి. మొత్తము 208.88, నాలుగవ స్థానము. కాంస్యము 1.20 అంకెలలో తప్పిపోయెను. దానితో ఆమె పెద్ద పోటీల జీవితము ముగిసినది. తుది మాట విజయము కాలేదు. కాని పరాజయమును కాదు.

ఇప్పుడు జమాఖర్చు చూతము. ఐరోపా పోటీలలో 5 స్వర్ణములు, 2 రజతములు, 4 కాంస్యములు, వెరసి 11. ప్రపంచ పోటీలలో 1 స్వర్ణము, 2 రజతములు, 3 కాంస్యములు, వెరసి 6. నాలుగు ఒలింపిక్ క్రీడలలో స్థానములు వరుసగా 9, 16, 3, 5. ఇవి జమ. ఖర్చు ప్రక్కన: వాంకూవరు నాటి పాటులు, గాయములు, 21 నెలల నిషేధము, మిలానులో తప్పిన 1.20 అంకెలు. ఇవన్నియు వేసిన తరువాత మిగులు ఏమి?

గ్రామ లెక్కలు వ్రాయువారికి పెద్దలు నేర్పిన నియమమొకటి కలదు. లెక్కలో తప్పు అంకె పడినప్పుడు దానిని గీకి చెరిపివేయరాదు. చెరిపినచో ఆ పుటయే అనుమానాస్పదమగును. పుస్తకమంతయు నమ్మకము కోల్పోవును. తప్పు అంకె కనబడునట్లే దానిపై ఒక గీత గీసి, పైన సరియైన అంకె వ్రాసి, ప్రక్కన చేవ్రాలు చేయవలెను. అప్పుడు ఆ లెక్క చెల్లును. తప్పులేని లెక్కకంటె అట్టి లెక్కయే ఒక్కొక్కప్పుడు ఎక్కువ నమ్మదగినది. ఏలననగా దానిని వ్రాసినవాడు తన తప్పును చూచినవాడు.

కరోలినా కోస్ట్‌నర్ జీవితపుటలలో ఒక అంకె తప్పుగా పడినది. దానిని ఆమె చెరుపజాలదు, లోకమును చెరుపనీయదు. దానిమీద గీత పడినది, ప్రక్కన 21 నెలల చేవ్రాలు పడినది. తరువాతి పుటలను ఆమె స్వహస్తముతో, తిన్నని వ్రాతతో నింపినది. ఆమె నేర్చిన విద్య కూడ అట్టిదే. మంచుపై గీసిన గీతను చెరుపుటకు వీలులేదు. దాని ప్రక్కనుండి మరియొక గీతను, మునుపటికంటె చక్కగా, గీయుట ఒక్కటియే మార్గము.

ఈ గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఆమె వలె మంచుపై నర్తింపవలెనని ఎవరును కోరరు. కాని పరీక్షలో తప్పిన పిల్లవాడు, సభలో మాట తడబడిన బాలిక, ఒక మాట తప్పి ఊరిలో తల వంచుకొని తిరుగు గృహస్థు, వీరందరికి ఆమె చరిత్ర పనికివచ్చును. పడుట నేరము కాదు. దాచుట నేరము. లేవకుండుట నష్టము. లేచినవారిని చూచి నవ్వుట అవివేకము.

25 ఏండ్లు తలుపు తెరచి నిలిచిన ఈ గ్రంథాలయము మరి పెక్కు తరములవారికి ఇట్టి చరిత్రలు అందించుచు వర్ధిల్లుగాక! 

స్వస్తి.